మంట ఆర్పడానికి మేం కావాలి, అడవి కావలికి వద్దా?

ఫిబ్రవరిలో ఆకు రాలడం మొదలవగానే మేం గుర్తొస్తాం. "మీ కాలనీలో గట్టి కుర్రోళ్లు నలుగురుంటే పంపించండి, నాలుగు నెలలు పని" అని కబురు వస్తది. జూన్‌లో నాలుగు చినుకులు పడగానే "ఇంక చాల్లే, వచ్చే ఏడు చూద్దాం" అంటారు. నాలుగు నెలలు అడవికి దిక్కు మేం. మిగతా ఎనిమిది నెలలు అదే అడవిలోకి పుల్లలకు పోయినా, తేనెకు పోయినా మేం దొంగలం.

ఈ పనికి పేరు ఫైర్ వాచర్. మీరు పేపర్లో చదివే వార్తలో ఆ పేరు కనపడదు. "అటవీ సిబ్బంది శ్రమించి మంటలను అదుపులోకి తెచ్చారు" అని ఉంటది. ఆ 'సిబ్బంది' అనే మాటను ఒక్కసారి విప్పి చూడండి. పైన రేంజ్ ఆఫీసర్. ఆయన కింద డిప్యూటీ రేంజ్ ఆఫీసర్, సెక్షన్ ఆఫీసర్, బీట్ ఆఫీసర్, అసిస్టెంట్ బీట్ ఆఫీసర్. ఇంతవరకు ఖాకీ ఉంది, జీతం ఉంది, పోస్టు ఉంది. ఆ నిచ్చెన కింద, నేల మీద, ఏ కేడర్‌లోనూ లేని మనుషులు ఉంటారు. ప్రొటెక్షన్ వాచర్, బేస్ క్యాంప్ వాచర్, ఫైర్ వాచర్. నల్లమలలో ఆ మనుషులు చాలామంది చెంచులు. వెలిగొండల్లో చాలాచోట్ల మా యానాదులు. మంట ముందు నిలబడేది వీళ్లు. రికార్డులో వీళ్లు సిబ్బంది కాదు, రోజుకూలీ.

నేను వాకాడు పక్క యానాది కాలనీ నుంచి రాస్తున్నా. మాది సముద్రం ఒడ్డు. ఇక్కడ కొండల్లేవు, ఇసుక దిబ్బలు, తాటిచెట్లు, జీడిమామిడి తోటలు, సరుగుడు తోపులు. సముద్రపొడ్డోడివి నీకు అడవి మంటలతో ఏం పని అని అడుగుతారేమో. చెప్తా. మా మేనమామ పెళ్లి చేసుకుని పడమటికి, కొండకిందికి పోయాడు. ఎనిమిది ఎండాకాలాలు వెలిగొండల్లో ఫైర్ వాచర్‌గా చేశాడు. ఏ రేంజో రాయను. రాస్తే వచ్చే ఫిబ్రవరిలో ఆయనకు కబురు రాదు. ఉద్యోగ భద్రత అంటే ఏందో డిగ్రీలో ఒక పేపరంతా చదివా గానీ, అది లేకపోవడం అంటే ఏందో ఈ ఒక్క విషయంలో అర్థమైంది. ఎనిమిదేళ్లు పనిచేసిన మనిషి తను ఎక్కడ పనిచేశాడో చెప్పుకోలేడు.

పని ఎట్టా ఉంటదో మామ చెప్పినట్టే రాస్తా. మంట లేనప్పుడు కూడా పని ఉంటది. ఎండలు ముదరక ముందే ఫైర్ లైన్లు కొట్టాలి. అంటే అడవి మధ్యలో బాట మాదిరి పొడుగూతా గడ్డి కోసి, ఆకు ఊడ్చి, పోగులేసి, గాలి లేని పొద్దు చూసి కాల్చేయాలి. మట్టి బయటపడాలి. మంట అక్కడిదాకా వచ్చి తినడానికి ఏమీ లేక ఆగిపోవాలి. ఈ పని సరిగ్గా జరిగితే ఏప్రిల్‌లో సగం కష్టం తప్పుతది. సరిగ్గా జరగాలంటే డబ్బు డిసెంబరులో, జనవరిలో రావాలి. ఏ నెలలో వస్తదని మామను అడిగితే నవ్వుతాడు.

ఇక మంట. కొండకింద బోద గడ్డి నడుం ఎత్తు పెరిగి ఎండిపోయి ఉంటది. దానికి నిప్పు తగిలితే మనిషి పరిగెత్తేదాని కన్నా మంట పరుగెక్కువ. అందులోనూ మంట పైకి ఎక్కేటప్పుడు. "అల్లుడా, మంట కింద ఉంటే నువ్వు కొండ పైన ఎప్పుడూ ఉండబాక" అనేది మామ చెప్పిన మొదటి పాఠం. వేడి పైకి పోతది, పైనున్న గడ్డిని ముందే ఎండబెట్టి పెడతది. అందుకే ఎగువకు పోయే మంట ముందర నిలబడి కొట్టే మొనగాడు ఎవడూ ఉండడు. పక్కల నుంచి కొట్టుకుంటా రావాలి. రెండో పాఠం, తప్పించుకోవాల్సి వస్తే కాలిపోయిన నేల మీదికి దూకాలి. కొత్తోడు మంటకు దూరంగా పచ్చగా ఉన్న వైపు పరిగెడతాడు. మంట వాడి వెనకే వస్తది. ఇప్పుడే కాలి ఆరిన నేలలో మళ్లీ కాలడానికి ఏమీ లేదు, అరికాళ్లు తప్ప.

చేతిలో ఏముంటది? పచ్చి కొమ్మ. అదే ఆయుధం. ఆకు దట్టంగా ఉన్న కొమ్మ విరుచుకుని నేలబారు మంటను అదిమి కొట్టాలి. ఎత్తి కొడితే నిప్పురవ్వలు లేచి వెనక పడతాయి. ఈమధ్య కొన్ని రేంజుల్లో ఆకు ఊదే బ్లోయర్ మిషన్లు ఇచ్చారు, మంచిదే. వాటికి పెట్రోలు ఉండాలి, మోసే మనిషి ఉండాలి, చెడితే బాగుచేసేవాడు ఉండాలి. కొమ్మకు ఇవేమీ అక్కర్లేదు గనక చివరికి కొమ్మే మిగులుతది. అయిదు లీటర్ల నీళ్ల క్యాను భుజాన ఉంటది. అది మంట మీద పోయడానికి కాదు, తాగడానికి. సద్ది, ఎర్రగడ్డ మూటలో ఉంటాయి. మిట్ట మధ్యాహ్నం మొదలైన మంట మీద పగలంతా పెద్దగా గెలవలేరు. పొద్దు వాలి, గాలి తగ్గి, రాత్రి చల్లబడ్డాక అసలు పని. అంటే చీకట్లో రాళ్ల మీద, ఎలుగుబంట్లు తిరిగే చోట, టార్చిలైటు వెలుతురులో.

మంట ఆరినాక ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేసి జీపు దిగువకు పోతది. మామోళ్లు పోరు. ఎండు మొద్దుల్లో, చెట్టు తొర్రల్లో నిప్పు కూర్చుని ఉంటది. మర్నాడు పన్నెండింటికి గాలి లేస్తే మళ్లీ మొదలు. అందుకని ప్రతి మొద్దునూ పొర్లించి, మట్టి కప్పి, చెయ్యి పెట్టి చూసి, అక్కడే పడుకోవాలి. పొద్దున కాలిన నేల మీద నడుస్తుంటే తాబేళ్లు కనిపిస్తాయంట. డిప్పలోకి ముడుచుకుని అట్టాగే కాలిపోయినవి. మామ ఎప్పుడు చెప్పినా అక్కడ మాట ఆపేసి బీడీ వెలిగిస్తాడు. (అడవిలో కాదు లెండి, ఇంటి అరుగు మీద.)

ఇదంతా చేసే మనిషి కాళ్లకు ఏముంది? ఎనిమిదేళ్లలో మామకు ఒక్కసారి బూట్లు ఇచ్చారు, సైజు పెద్దది. ఒక వేసవిలో రబ్బరు చెప్పు మెత్తబడి పాదానికి అంటుకుంది. పదిహేను రోజులు ఇంట్లో పడుకున్నాడు. ఆ పదిహేను రోజులకు కూలీ లేదు, ఎందుకంటే మస్టర్‌లో హాజరు లేదు. ఆస్పత్రి ఖర్చు మా అత్త చెవి దుద్దులు. ఆ సీజను కూలీ డబ్బులు వినాయక చవితికి వచ్చాయి.

ఇది మా మామ ఒక్కడి కథయితే నేను ఇంత రాయను. 2020 ఫిబ్రవరి 16న కేరళలో త్రిశూర్ జిల్లా కొట్టంపత్తూరులో మంట ఆర్పబోయి ముగ్గురు వాచర్లు మంటల్లో చిక్కుకుని చనిపోయారు. 2024 జూన్ 13న ఉత్తరాఖండ్‌లో అల్మోరా దగ్గర బిన్సర్ అభయారణ్యంలో నలుగురు అక్కడికక్కడే కాలిపోయారు. ఆ నలుగురు ఎవరో చూడండి. ఒక బీట్ ఉద్యోగి, ఒక ఫైర్ వాచర్, ఒక దినకూలీ, ఒక పీఆర్డీ జవాను. పోయినోళ్ల హోదాలు చదివితే చాలు, మంట ముందు ఈ దేశం ఎవర్ని నిలబెడుతుందో తెలుస్తది. అట్లాంటి వార్త వచ్చిన రెండు రోజులు టీవీలో సంతాపం. మూడో రోజు "అడవికి నిప్పు పెట్టేది ఎవరు?" అని చర్చ. ఆ చర్చలో వేలు ఎటు తిరుగుతుందో మీకు తెలుసు.

అవును, ఆ ప్రశ్నకే వస్తున్నా. "మీవాళ్లే నిప్పు పెడతారు. తేనెకు పొగ పెడతారు, బీడీ ఆకు చిగురు కోసం కాలుస్తారు, ఇప్పపువ్వు ఏరుకోవడానికి కాలుస్తారు, మేకలకు గడ్డి కోసం కాలుస్తారు." నేను తప్పించుకోను. అడవి మంటల్లో ఎక్కువ భాగం మనుషుల వల్లే వస్తాయి, నిజం. ఆ మనుషుల్లో మావాళ్లూ ఉంటారు. కానీ మనుషులు అనగానే ఆదివాసీ అని ఎట్టా చదువుతారు? ఘాట్ రోడ్డు మీద కారు అద్దం దించి సిగరెట్టు విసిరేది ఎవరు? కొండమీద గుడికి పోయి దారిలో పొయ్యి పెట్టి ఆర్పకుండా పోయేది ఎవరు? అడవి అంచున పొలం చదును చేస్తా చెత్తకు నిప్పు పెట్టేది ఎవరు? ఎర్రచందనం దొంగలు రాత్రి వంట చేసుకోరా? 2014 మార్చిలో తిరుమల శేషాచలం కొండలు తగలబడినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సొచ్చింది. అక్కడ ఏటా లక్షల మంది నడిచే కొండలు గదా అవి. బీడీ ఆకు సంగతే తీసుకోండి. ఆ ఆకు కోసే ఆడమనిషిని అంటారు గానీ, లేత ఆకు కట్టకే రేటు కట్టే కాంట్రాక్టును ఎవరూ అనరు.

ఇంకో మాట. నిప్పుతో బతికిన జనానికి నిప్పు ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు పెట్టకూడదో తెలుసు. కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల సోలిగలు ఎండలు ముదరక ముందే రాలిన ఆకును చల్లగా, నేలబారుగా కాల్చేవాళ్లు. దాన్ని వాళ్లు తరగు బెంకి అంటారు. ఆకు పలచగా ఉన్నప్పుడు కాలిస్తే మంట మోకాలు దాటదు, పెద్ద చెట్టుకు తగలదు, వేసవిలో కాలడానికి సరుకు మిగలదు. అడవిని అభయారణ్యం చేసి ఆ పని ఆపించారు. తర్వాత అడవి నిండా లంటానా పొద పెరిగింది, ఉసిరి చెట్లకు బదనిక పట్టింది. అక్కడ పనిచేసిన శాస్త్రవేత్తలు సోలిగలతో కూర్చుని ఈ సంగతులు రాశారు. నేను వెళ్లి కాల్చేయమని చెప్పట్లేదు, అట్టా చదవబాకండి. ఒకప్పటి అడవి కాదు ఇది, ఇప్పుడు తప్పు నిప్పుకు తప్పు ఫలితమే వస్తది. నేనడిగేది ఒక్కటే. ఫైర్ లైన్ కాల్చడానికి మా మామను పిలిచేటప్పుడు మీరు కొనుక్కునేది ఆ తెలివినే గదా? దానికి రోజుకూలీ రేటు కట్టి, మిగతా రోజుల్లో అదే తెలివిని నేరం అంటారేంది?

ఆస్ట్రేలియాలో రేంజర్ అనే మాటకు ఇంకో అర్థం ఉంది. అక్కడ ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్‌లో 2006 నుంచి ఆదివాసీ రేంజర్లు ఎండాకాలం తొలి వారాల్లోనే చిన్న చిన్న మంటలు పెట్టి, చివర్లో వచ్చే పెద్ద మంటలను తగ్గిస్తున్నారు. దానివల్ల గాలిలో కలిసే పొగ తగ్గుతుందని లెక్కకట్టి ఒక గ్యాస్ కంపెనీ వాళ్లకు డబ్బు చెల్లించింది. ఆ దేశం ఆదివాసులకు చేసిన అన్యాయం చిన్నది కాదు, దాన్ని పొగడటానికి చెప్పట్లేదు. కానీ అక్కడ రేంజర్ అంటే ఆ నేల మనిషే, యూనిఫాం వేసుకుని, జీతం తీసుకుని, తన తాతల అడవిని చూసుకుంటాడు. మన దగ్గర రేంజర్ అంటే జీపులో వచ్చే సారు. ఆ సారుకు దారి చూపించేది మా మామ.

మా వాకాడు వైపుకు వస్తా. మా దక్షిణాన శ్రీహరికోట. మీకు రాకెట్ల దీవి. మాకు మా ముత్తాతల అడవి. 1835లో ఆ దీవి కంపెనీ ప్రభుత్వం చేతికి పోయింది. అక్కడి యానాదులు తేనె, కుంకుడుకాయ, ముష్టిగింజ, ఎర్రరంగు వచ్చే చిరివేరు తవ్వి తెచ్చి సర్కారుకు ఇచ్చేవాళ్లు. బదులుగా గింజలు, గుడ్డలు. ఆ దీవి కట్టెలు బకింగ్‌హాం కాలవలో పడవలెక్కి మద్రాసు పొయ్యిల్లోకి పోయేవి. కొట్టింది మేం, మోసింది మేం, అడవికి కాపలా ఉన్నదీ మేం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అప్పట్నించి అడవిలో మా ఉనికికి అనుమతి అనే పేరు వచ్చింది. మా కులంలో కొన్ని గుంపులను నేరస్థ తెగల చట్టం కింద రాసి పెట్టారు. అది 1952లో రద్దయింది. రద్దు కోసం నెల్లూరు నుంచి వెన్నెలకంటి రాఘవయ్య గారు జీవితమంతా కొట్లాడారు. చట్టం పోయింది గానీ, ఊళ్లో కోడి పోయినా, అడవిలో పొగ లేచినా మొదట మా కాలనీ వైపు చూసే చూపు పోలేదు.

1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న తొలి రాకెట్ లేచింది. దీవిలోని యానాది కుటుంబాలు పల్లెలు వదలాల్సొచ్చింది. ఇప్పుడు ప్రయోగం ఉన్న రోజు మా పిల్లోళ్లు దిబ్బ ఎక్కి చూస్తారు, నేనూ చూస్తా. గర్వంగానే ఉంటది, అబద్ధం చెప్పను. అడవి మంటల కబురు కూడా పైనుంచే వస్తది. అమెరికా వాళ్ల సువోమీ ఎన్‌పీపీ లాంటి ఉపగ్రహాలు 375 మీటర్ల చదరం లెక్కన నేలను చూసి, వేడిగా కనపడ్డ చోటును చెప్తాయి. హైదరాబాదులోని రిమోట్ సెన్సింగ్ కేంద్రం దాన్ని అందుకుంటది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే సంస్థ బీట్ దాకా ఎస్సెమ్మెస్ పంపిస్తది. చాలా గొప్ప ఏర్పాటు. కానీ ఆ ఎస్సెమ్మెస్ నడవలేదు. ఆ చదరంలో మంట ఏ వాగు పక్కన ఉందో, ఏ దోవన పోతే గంట కలిసొస్తదో ఎస్సెమ్మెస్‌కు తెలీదు. ఒక్కోసారి అది వచ్చేసరికి మంట పుట్టి గంటలు గడిచి ఉంటాయి. ఈలోపు కొండకింద కాలనీలో ఎవరో పొగ వాసన పట్టి ఫోన్ చేసి ఉంటారు. ఆ ఫోన్‌కు లెక్క లేదు.

మా తీరంలో మంట వేరే రకం. సునామీ తర్వాత గాలికి అడ్డుగా నాటిన సరుగుడు తోపుల కింద సన్నాకు చాపలాగా పరుచుకుని ఉంటది. ఎండల్లో అదొక వత్తి. తాటాకు, సీమతుమ్మ పొదలు తోడు. మంట చిన్నదే, నేలబారుగా పాకి పోతది. కానీ తోపు పోతే తర్వాత తుఫానుకు ఇసుక, ఉప్పుగాలి నేరుగా మా గుడిసెల మీదికే. అందుకే తోపులో పొగ కనిపిస్తే మా ఆడవాళ్లు ఎవరూ పిలవకుండానే బిందెలు, కొమ్మలు తీసుకుని పరిగెత్తుతారు. ఆ పనికి మస్టర్ లేదు, పేరు కూడా లేదు. మర్నాడు తోపులో రాలిన పుల్లలు ఏరుకుంటుంటే మాత్రం వాచ్‌మన్ కేకేస్తాడు.

ఇందులో ఉన్న చట్టం సంగతి చదివితే మీకు నవ్వు రావచ్చు, కోపం రావచ్చు. దేశానికి మూసగా ఉన్న 1927 భారత అటవీ చట్టం తీసుకోండి. మన రాష్ట్రానికి 1967 నుంచి సొంత చట్టం ఉంది గానీ, ఆ పాత బుద్ధిని అర్థం చేసుకోడానికి 1927దే చదవాలి. అందులో 79వ సెక్షన్. అడవిలో ఏ హక్కు ఉన్నవాడైనా, పుల్ల తెచ్చుకోడానికో పశువు మేపుకోడానికో అనుమతి ఉన్నవాడైనా, మంట కనిపిస్తే కబురు చెప్పాలి, అధికారి అడిగితే వచ్చి ఆర్పాలి. రాకపోతే నెల దాకా జైలు, లేదా 200 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కూలీ మాట అందులో లేదు. 26వ సెక్షన్ ఇంకా గొప్పది. ఎవరో కావాలని గానీ, ఘోరమైన నిర్లక్ష్యంతో గానీ నిప్పు పెడితే, ఆ అడవిలో మేపు హక్కులు, అటవీ ఉత్పత్తుల హక్కులు అన్నీ ప్రభుత్వం ఇష్టమొచ్చినంత కాలం ఆపేయొచ్చు. ఒక్కడి తప్పుకు ఊరంతటికీ పస్తు. తెల్లోడు రాసుకున్న మాట అది. వాడికి అడవి అంటే కలప, మేం అంటే ఆ కలపకు ప్రమాదం, మంట వస్తే ఆర్పే ఉచిత కూలీలం.

2006లో ఇంకో చట్టం వచ్చింది. అటవీ హక్కుల చట్టం. అందులో సెక్షన్ 3(1)(ఐ) ఏం చెప్తుందో ఎంతమంది రేంజ్ ఆఫీసర్లు చదివారో నాకు తెలుసుకోవాలని ఉంది. సంప్రదాయంగా కాపాడుకుంటూ వచ్చిన సామూహిక అటవీ వనరును రక్షించే, పునరుద్ధరించే, నిర్వహించే హక్కు ఆ అడవి ప్రజలది. సెక్షన్ 5 ఇంకా ముందుకు పోయి, అడవిని, వన్యప్రాణులను, జీవ వైవిధ్యాన్ని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. అంటే మంటల నుంచి కాపాడటం మాకు ఎవరో నాలుగు నెలలు దయతో ఇచ్చే కూలీ కాదు. అది చట్టం ఒప్పుకున్న మా అధికారం. ఫైర్ లైన్ ఎక్కడ పడాలో, ఎప్పుడు కాల్చాలో, ఎవర్ని కాపలా పెట్టాలో, డబ్బు ఎట్టా ఖర్చుపెట్టాలో కూర్చుని తేల్చాల్సింది గ్రామసభ.

దీనికి మా నెల్లూరు తీరంలో వచ్చే జవాబు ఒకటుంది. "మీది ఏజెన్సీ కాదు కదయ్యా, మీరు మైదాన గిరిజనులు, ఆ చట్టం మీకు రాదు." నిజమే, మా వైపు షెడ్యూల్డ్ ఏరియా సెంటు భూమి కూడా లేదు. కానీ అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్డ్ ఏరియాతో పనిలేదు. అటవీ భూమి ఏ రకమైనా, అభయారణ్యమైనా సరే, అక్కడ ఉంటూ దాని మీద బతికే షెడ్యూల్డ్ తెగలకు 2005 డిసెంబరు 13 నాటికి ఉన్న స్థితి చూసి హక్కు ఇవ్వాలి. యానాదులు షెడ్యూల్డ్ తెగ. 75 ఏళ్ల రుజువు అడిగేది ఇతర సంప్రదాయ అటవీ వాసులను, మమ్మల్ని కాదు. మీకు ఆఫీసులో ఎవరన్నా 75 ఏళ్ల కాగితం తెమ్మని చెప్తే అది తెలియక చెప్పే మాట, లేదా తెలిసీ చెప్పే మాట.

డబ్బు లేదంటారు. అడవులు పోగొట్టుకున్నందుకు కంపెనీలు కట్టిన పరిహారం కాంపా నిధి అని ఉంది, దానికి 2016లో చట్టం వచ్చింది. 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు 47 వేల కోట్లకు పైగా ఆ నిధిని పంచింది. మంటల నివారణ ఆ డబ్బుతో చేయొచ్చని నిబంధనల్లోనే ఉంది. గనికో, రోడ్డుకో మా అడవి పోయినందుకు వచ్చిన డబ్బు అది. దాంట్లోంచి మా మామకు సరైన సైజు బూట్లు రావా?

ఒక మాట సూటిగా చెప్పాలి. మా గొడవ బీట్ ఆఫీసర్‌తో కాదు. వేల ఎకరాలకు ఒక్క మనిషి, లాఠీ తప్ప ఏమీ లేదు, పైనుంచి తిట్లు, కింద నుంచి శాపనార్థాలు. వాళ్లలోనూ మా గిరిజన బిడ్డలు ఉన్నారు. 2022 నవంబరు 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు గొడవలో ఒక రేంజ్ ఆఫీసర్‌ను చంపేశారు. ఆ చావును సమర్థించే మాట మా నోట రాదు. ఆయన ఇంట్లో కూడా పిల్లలున్నారు. కానీ ఆ తర్వాత ఏం జరిగింది? చేసింది ఎవరో పట్టుకుని శిక్షించడంతో ఆగకుండా గుత్తికోయలు మొత్తం ఊరు వదిలిపోవాలని పంచాయతీ తీర్మానం దాకా పోయింది. మళ్లీ అదే 26వ సెక్షన్ బుద్ధి. రేంజర్‌నూ ఆదివాసీనీ ఎదురెదురుగా నిలబెట్టి, అడవి మీద పెత్తనం ఎవరిదన్న ప్రశ్నను తేల్చకుండా పెట్టిన పాలకుడు మాత్రం మంటకు దూరంగా చల్లగా ఉంటాడు.

అందుకని మేం అడిగేది తిప్పితిప్పి చెప్పను. వరసగా మూడు సీజన్లు చేసిన వాచర్‌ను పన్నెండు నెలల పనిలోకి తీసుకోవాలి. వానాకాలంలో మొక్క, చలికాలంలో ఫైర్ లైన్, ఎండల్లో కాపలా, పనికి కొదవేం లేదు. గాయమైతే వైద్యం, ఆ రోజుల కూలీ, ప్రాణం పోతే బీట్ ఆఫీసర్ కుటుంబానికి ఇచ్చేంత పరిహారం. మంట ఇద్దరినీ ఒకేలా కాలుస్తది గదా. బీట్ పోస్టులు తీసేటప్పుడు ఈ వాచర్ల అనుభవానికి మార్కులు. పరుగు పందెంలో నెగ్గిన వాడికన్నా ఎనిమిది వేసవులు మంటను చదివిన వాడు అడవికి పనికొస్తాడు. అన్నిటికన్నా ముందు, సామూహిక అటవీ హక్కు పత్రాలు. అవి లేకుండా మిగతావి ఇస్తే అది మంచి కూలీ అవుతది, అంతే.

మీరేం చేయాలో కూడా చెప్తా, చదివి లైక్ కొట్టి పోబాకండి. మీ కాలనీ అడవి పక్కన ఉంటే గ్రామసభ పెట్టించి సామూహిక అటవీ వనరుకు ఫారం సి నింపండి. రుజువుగా కాగితాలే ఉండక్కర్లేదు. ఊరి పెద్దోళ్లు చెప్పిన మాటను రాసి సంతకం పెట్టిస్తే అది కూడా నిబంధనల ప్రకారం ఒక సాక్ష్యం. మా ముసలోళ్లు ఏటా తగ్గిపోతున్నారు, కాబట్టి ఆ పని ముందు చేయండి. ఇంకోటి, మీ రేంజ్ ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. తెల్ల రేషన్ కార్డు ఉన్నోళ్లు దాని నకలు జతచేస్తే ఫీజు లేదు. గత మూడు వేసవుల్లో ఎంతమంది ఫైర్ వాచర్లను పెట్టారు, ఎన్ని రోజులు, రోజుకు ఎంత, ఆ డబ్బు ఏ తేదీన ఖాతాలో పడింది, బీమా ఉందా, ఎంతమందికి గాయాలయ్యాయి, బూట్లు, బ్లోయర్లు ఎన్ని కొన్నారు, ఏ బిల్లు మీద, ఫైర్ లైన్లు ఎన్ని కిలోమీటర్లు ఏ నెలలో కొట్టారు. ఈ ప్రశ్నలే రాయండి. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు. దరఖాస్తు మీ పేరుతో వద్దనుకుంటే, వాచర్ పని చేసే మనిషి మీ ఇంట్లో ఉంటే మాత్రం అసలు వద్దు, పక్క ఊరి కాలేజీ పిల్లోడితో పెట్టించండి. ఫిబ్రవరి దగ్గరకొస్తోంది, కబురు రావాల్సిన వాళ్లకు కబురు రావాలి గదా.